ప్లాట్ కొనడం నుంచి టు‌లెట్ బోర్డు దాకా: డబ్బు ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి

శనివారం సాయంత్రం ఆరున్నరకి మా గేటు ముందు ఏడుగురు నిలబడ్డారు. సెంట్రింగ్ వాళ్లు ముగ్గురు, రాడ్ బెండింగ్ వాళ్లు ఇద్దరు, కంకర మోసే ఆడవాళ్లు ఇద్దరు, అందులో ఒకామె చంకలో పిల్ల. "సార్, వారం కూలి రాలేదు, కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తట్లేదు" అన్నారు. అప్పటికి నేను ఆయనకి రెండో స్లాబ్ డబ్బులు కూడా ఇచ్చేశాను, పడింది మాత్రం ఒక్క స్లాబే. ఆ డబ్బు ఎటు పోయిందో తర్వాత తెలిసింది. నాలుగు కిలోమీటర్ల అవతల ఇంకొకాయన ఇంటికి ప్లాస్టరింగ్ అయింది.

ఆయన దొంగ అని నేను ఇప్పటికీ అనను. చిన్న కాంట్రాక్టర్లలో చాలామంది పని ఇలాగే నడుస్తుంది, చేతిలో నాలుగు సైట్లు ఉంటాయి, సొంత పెట్టుబడి ఉండదు, ఇవాళ ఎవరు డబ్బిస్తే ఆ డబ్బుతో నిన్న ఎవరు గట్టిగా అరిచారో వాళ్ల పని చేస్తారు. నేను అరవలేదు, పైగా ముందే ఇచ్చాను. ప్లాట్ కొన్నప్పుడు కూడా ఇదే తప్పు చేయబోయి తప్పించుకున్నాను. అందుకే ఇది రాస్తున్నా. హైదరాబాద్ శివార్లలో 200 గజాల ప్లాట్ కొని, కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ కట్టి అద్దెకిచ్చే మామూలు మనిషి కోసం ఇది. ఆంధ్రాలో తేడా ఉన్నచోట చెబుతాను.

1. ముందు అద్దె లెక్క వేయండి

"అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది" అనేవాళ్లు ఒక్కసారి కాగితం మీద వేసి చూపించమనండి. ఉదాహరణకి గజం 25 వేలు అనుకుందాం, 200 గజాలకి 50 లక్షలు. రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 3.75 లక్షలు. రెండు అంతస్తులు 1,100 అడుగుల చొప్పున, అడుగుకి 2 వేలు వేసుకుంటే 44 లక్షలు. బోరు, సంపు, ప్రహరీ, కరెంటు మీటర్లు, ప్లాన్ ఖర్చు, మధ్యలో ఎవరో ఒకరికి తాగించిన చాయ్ దాకా కలిపేసరికి కోటి దాటుతుంది. పోర్షన్‌కి 12 వేలు వస్తే నెలకి 24 వేలు, ఏడాదికి 2.88 లక్షలు. కోటి మీద మూడు శాతం కూడా లేదు, అందులోంచే ఇంటి పన్ను, రిపేర్లు, మధ్యలో ఖాళీగా ఉన్న నెలలు పోవాలి. 40 లక్షలు లోన్ తీసుకుని 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లు కడితే ఈఎంఐ సుమారు 34,700. అద్దె 24 వేలు. మిగతా పది వేలు జీతంలోంచే.

కొనొద్దు అనడం లేదు, నేనూ కొన్నాను. కానీ ఇక్కడ లాభం వస్తే నేల ధర పెరగడం వల్ల వస్తుంది, గోడల వల్ల కాదు. గోడలు పాతబడుతూనే ఉంటాయి. అందుకే నేల ఎంచుకోవడంలో మొండిగా ఉండండి, కట్టడంలో పిసినారిగా కాకుండా జాగ్రత్తగా ఉండండి. ఎలివేషన్‌కి, అంటే ఇంటి ముందువైపు అలంకారానికి, ఆరు లక్షలు పోస్తే అద్దె ఆరు వందలు కూడా పెరగదు.

2. కాగితాలు

ఈ భాగం బోరు కొడుతుంది, కానీ తొందరపడకండి.

అమ్మేవాళ్లు ఇచ్చే జిరాక్సుల కట్టని నమ్మొద్దు. దస్తావేజు నంబరు, సంవత్సరం చూసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ మీరే తీయించుకోండి, జిరాక్సు పక్కన పెట్టి సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణం ఒక్కొక్కటే వేలుపెట్టి పోల్చండి. తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో అడగాలి. కనీసం ముప్పై ఏళ్లది తీయండి. సర్వే నంబరు మీద ఒకసారి, ప్లాట్ నంబరు మీద ఒకసారి వెతకండి, ఒకే ప్లాట్‌ని ఇద్దరికి అమ్మిన బాగోతాలు ఇలా వెతికినప్పుడే బయటపడతాయి.

ఈసీ క్లియర్‌గా ఉంటే అంతా క్లియర్ అనుకోకండి. అందులో రిజిస్టర్ అయినవే కనిపిస్తాయి. నోటరీ అగ్రిమెంట్లు కనపడవు, కోర్టు కేసులు కనపడవు, అమ్మేవాళ్ల చెల్లెలికి వాటా ఉందా లేదా అన్నది అసలే కనపడదు. పిత్రార్జితం అయితే కుటుంబంలో అందరి సంతకాలు ఉండాల్సిందే, "మా చెల్లి ఏమీ అనదండీ" అంటే ఆ చెల్లెల్నే వచ్చి ఆ మాట రిజిస్ట్రార్ ముందు చెప్పమనండి. లాయర్‌తో పేపర్లో ప్రకటన వేయించండి. లాయర్‌ని మీరే పెట్టుకోవాలి, వెంచర్ వాళ్లు చూపించే లాయర్ కాదు.

జీపీఏ (ఓనరు తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) మీద, నోటరీ మీద ప్లాట్ అమ్ముతామంటే అక్కడితో నమస్కారం పెట్టేయండి. జీపీఏ ద్వారా యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది. ధర సగానికి సగం తక్కువ ఎందుకుందో కారణం అక్కడే ఉంది.

ఇంకా చూడాల్సినవి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో ఉందా అని రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో చూడండి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూములు అందులో ఉంటాయి. అసైన్డ్ భూమి కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. ఆంధ్రాలో ఈ మధ్య కొన్ని సడలింపులు వచ్చాయి కానీ మీది ఆ సడలింపులో పడుతుందో లేదో కలెక్టర్ ఆఫీసు కాగితం చెప్పాలి, బ్రోకర్ కాదు. తెలంగాణలో వ్యవసాయ భూమి వివరాలకి ధరణి పోర్టల్ పోయి 2025లో భూభారతి వచ్చింది, లేఅవుట్ వేయకముందు ఆ భూమి ఎవరిదో అందులో చూసుకోవచ్చు.

లేఅవుట్ విషయానికొస్తే, "గ్రామ పంచాయతీ అప్రూవ్డ్" అనే మాట వినగానే జాగ్రత్త పడండి. హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ (లేఅవుట్లకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థలు) ఇచ్చిన లేఅవుట్ అనుమతి, అంటే ఎల్‌పీ నంబరు అడగండి, ఆంధ్రాలో అయితే ఆ ప్రాంతాన్ని బట్టి సీఆర్‌డీఏ, వీఎంఆర్‌డీఏ లాంటివి. చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. హెచ్‌ఎండీఏ లేఅవుట్‌లో రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు ఆ సంస్థ దగ్గర తనఖాలో ఉంటాయి. మీకు చూపిస్తున్న ప్లాట్ ఆ తనఖా జాబితాలో ఉందా అని ప్లాన్ కాపీలో చూడండి. మాకు "కార్నర్ బిట్, ఈస్ట్ ఫేసింగ్, మీ అదృష్టం" అని చూపించిన ప్లాట్ తనఖాలోదే.

3. టేపు పట్టుకుని వెళ్లండి

మేము చివరికి తీసుకున్న ప్లాట్ కాగితం మీద 36 అడుగులు, 50 అడుగులు, అంటే 1,800 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 200 గజాలు. ఆదివారం పొద్దున మా బావమరిదిని టేపు అటు కొసన పట్టుకోమని కొలిస్తే వెడల్పు సరిపోయింది, లోతు 47 అడుగులే వచ్చింది. రోడ్డు వేసేటప్పుడు మూడడుగులు లోపలికి జరిగారు. 36 ఇంటూ 47 అంటే 1,692 అడుగులు, 188 గజాలు. పన్నెండు గజాలు గాల్లో ఉన్నాయి. గజం 25 వేలంటే మూడు లక్షలు. అప్పటికి ఒక్క రూపాయి ఇవ్వలేదు కాబట్టి బేరం మా చేతిలో ఉంది, 188 గజాలకే డబ్బులిస్తాం, దస్తావేజులో కూడా 188 అనే రాయాలి అన్నాం. రెండు రోజులు అలిగి మూడో రోజు ఒప్పుకున్నారు. బయానా (అడ్వాన్స్) ఇచ్చాక కొలిచి ఉంటే "అందరికీ అంతే సార్" అనేవాళ్లు.

కొలతల మాట వచ్చింది కాబట్టి, గుంట అంటే 121 గజాలు, సెంటు అంటే 48.4 గజాలు. అంకణం మాత్రం ఊరిని బట్టి మారుతుంది, ఒక చోట 72 చదరపు అడుగులు, ఒక చోట 36. అక్కడ ఏది అంకణమో అడక్కుండా ధర మాట్లాడొద్దు.

వానాకాలంలో ఒకసారి, పెద్ద వాన పడిన మర్నాడు, వెళ్లి చూడండి. నీళ్లు ఎక్కడ నిలిచాయో అదే అసలు మ్యాపు. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని అవతల కట్టకుండా వదలాల్సిన బఫర్ జోన్ చూసుకోవాలి, పది హెక్టార్లు దాటిన చెరువుకి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఎండిన చెరువు శిఖంలో ప్లాట్లు కొన్నవాళ్ల గుండెల్లో రాయి పడింది. పర్మిషన్ ఉన్నా, బ్యాంకు లోన్ ఇచ్చినా, నీళ్లు నీళ్లే. పైన హైటెన్షన్ తీగలున్నాయా, మట్టి నల్లరేగడా, మొరమా అన్నది కూడా చూడండి. నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకి పగులుతుంది, పునాది ఖర్చు పెరుగుతుంది. పక్కన కడుతున్న ఇంటి గోతిలోకి తొంగిచూస్తే మీ కింద ఏముందో తెలిసిపోతుంది, ఉచితంగా.

4. బయానా, రిజిస్ట్రేషన్

"టోకెన్ ఇవ్వకపోతే సాయంత్రానికి వేరే పార్టీ వస్తోంది సార్." రానివ్వండి. పైన చెప్పినవన్నీ చూశాకే బయానా, అది కూడా చిన్నది, బ్యాంకు ద్వారానే. స్థలం లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు ముట్టుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అగ్రిమెంట్‌లో ఒక వాక్యం తప్పకుండా రాయించండి: టైటిల్‌లో లోపం బయటపడితే, లేదా దాని వల్ల బ్యాంకు లోన్ ఇవ్వకపోతే బయానా ఇన్ని రోజుల్లో పూర్తిగా వెనక్కి. ఈ వాక్యానికి ఒప్పుకోనివాళ్లకి లోపం సంగతి ముందే తెలుసు.

"సగం వైట్, సగం బ్లాక్" అంటారు. ఇవాళ రిజిస్ట్రేషన్‌లో కొంత మిగిలినట్టు కనిపిస్తుంది. రేపు మీరు అమ్మేటప్పుడు మీ కొన్న ధర అంటే దస్తావేజులో ఉన్న ధరే, తేడా అంతా లాభం కిందికొచ్చి, రెండేళ్లు దాటాక అమ్మినా దాని మీద 12.5 శాతం పన్ను కడతారు. బ్యాంకు లోన్ కూడా ఆ తక్కువ ధర మీదే లెక్క వేస్తుంది. 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాళ్లకి ఇచ్చేదాంట్లోంచి 1 శాతం టీడీఎస్ కోసి మీరే కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క పనికిరాదు, కోత చాలా ఎక్కువ ఉంటుంది, సీఏని అడగకుండా సంతకం పెట్టొద్దు. మన వాళ్లు సగం మంది అమెరికాలో ఉన్నారు కదా, ఈ సమస్య మీరనుకున్నదానికంటే ఎక్కువగా తగులుతుంది. అక్కడి నుంచి వచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కాన్సులేట్‌లో అటెస్ట్ అయ్యిందా, ఇండియాకి వచ్చాక మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించారా అని చూడండి.

ప్లాట్ బదులు ఫ్లాట్ తీసుకునేవాళ్లకి రెండే ముక్కలు. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ప్రీలాంచ్ ఆఫర్ అంటే ఈ రెండూ లేకుండా డబ్బు అడగడం.

5. ప్లాన్, డ్రాయింగ్

తెలంగాణలో 75 గజాల లోపు ప్లాట్‌కి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి 2020 చట్టం వచ్చినప్పటి నుంచి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే అనుమతి వస్తుంది. వెంటనే వచ్చింది కదా అని సంబరపడకండి, సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటే తప్పు చెబితే బాధ్యత మీదే, అతిక్రమిస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. "సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎవరు చూస్తారు సార్, పైన పెంట్‌హౌస్ కూడా లేపేద్దాం" అనే కాంట్రాక్టర్ ఇల్లు అప్పగించి వెళ్లిపోతాడు, నోటీసు మీ పేరున వస్తుంది.

స్ట్రక్చరల్ ఇంజనీర్ దగ్గర డ్రాయింగ్ వేయించండి. ఇక్కడ ఖర్చు మిగుల్చుకునేవాళ్లే ఎక్కువ, "మా మేస్త్రీ ముప్పై ఇళ్లు కట్టాడు" అని. కావచ్చు, కానీ డ్రాయింగ్ లేకపోతే ఏ పిల్లర్‌లో ఎన్ని రాడ్లు అన్నదానికి రుజువేదీ ఉండదు. మీరు అడిగితే ఆయన చెప్పిందే లెక్క అవుతుంది. డ్రాయింగ్ చేతిలో ఉంటే మీకు ఇంజనీరింగ్ రాకపోయినా "ఇక్కడ ఆరు 16 ఎంఎం అని ఉంది, నాలుగే కనపడుతున్నాయి" అని అడగగలరు.

6. మేస్త్రీని వెతకడం

కొత్తగా పూర్తయిన ఇల్లు చూపించి మెప్పిస్తారు. మీరు మూడేళ్ల క్రితం కట్టింది చూపించమనండి. అది కూడా ఆయన లేకుండా వెళ్లి చూడండి. హాలు చూడొద్దు. బాత్రూమ్ కింద ఉన్న గది సీలింగు చూడండి, సజ్జ కింద చూడండి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పాకాయేమో చూడండి. ఇంటావిడని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇల్లయ్యాక పిలిస్తే వచ్చారా?" ఎన్ని సైట్లు నడుస్తున్నాయో కూడా కనుక్కోండి. రెండున్నా ఫరవాలేదు. అయిదుంటే మీ సైట్లో సోమవారం పని, గురువారం సెలవు.

మూడు కొటేషన్లు తీసుకుంటే అన్నిటికంటే తక్కువది మంచిదని కాదు. మిగతా రెండూ అడుగుకి 1,950, 2,000 అని ఉండి ఒకటి 1,600 అని ఉంటే, ఆ 350 ఎక్కడ కోస్తాడో అడగండి. కోయకుండా అయితే కుదరదు.

7. అగ్రిమెంట్: అడుగు అంటే ఏ అడుగు?

గొడవల్లో సగం ఇక్కడ పుడతాయి. అడుగుకి 1,800 అన్నారు, బాగానే ఉంది. ఏ అడుగు? గోడల బయటి అంచు నుంచి అంచుకా, స్లాబ్ పడినంత మేరా? బాల్కనీ పూర్తిగా లెక్కా, సగమా? సజ్జలు లెక్కలో ఉన్నాయా? మెట్ల గది పైన కప్పు? మా ఇంట్లో గోడల లెక్కన అంతస్తుకి 1,100 అడుగులు, స్లాబ్ లెక్కన 1,300. ఒక్క అంతస్తుకే 200 అడుగుల తేడా, 1,800 చొప్పున 3.6 లక్షలు. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుకుని ఇద్దరూ మోసపోయామనుకునే చోటు ఇది.

సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, పారాపెట్, ఓవర్‌హెడ్ ట్యాంకు, పునాదిలో మట్టి నింపడం, చెదల మందు, వీటిలో ఏది ధరలో కలిసింది, ఏది ఎక్స్‌ట్రా, ఎక్స్‌ట్రా అయితే ఎంత, ముందే రాయండి. సిమెంటు, స్టీలు, వైరు, పైపుల కంపెనీ పేర్లు రాయండి. "మంచి కంపెనీ" అని రాస్తే ఏమీ రాయనట్టే. టైల్స్ అడుగు ఎంత ధర దాకా, తలుపు టేకా, వేపా, స్లాబ్ మందం ఎన్ని అంగుళాలు, బయటి గోడ తొమ్మిది అంగుళాలేనా, అన్నీ. కూలీలకి దెబ్బ తగిలితే ఎవరి బాధ్యత, కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం ఎవరిది. పని మధ్యలో మీరు మార్పు అడిగితే ఆ మార్పు ధర వాట్సాప్‌లో రాసుకుని ఇద్దరూ ఓకే అన్నాకే పని. నోటి మాట మీద గోడ జరిపితే, చివరి బిల్లులో ఆ గోడ లక్ష అవుతుంది.

లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా అని అడుగుతుంటారు. రోజుకి రెండు గంటలు సైట్లో ఉండగలిగితే లేబర్ కాంట్రాక్ట్ ఇచ్చి మెటీరియల్ మీరే కొనండి. ఉద్యోగం వదల్లేకపోతే మెటీరియల్‌తో సహా ఇచ్చి, వారానికోసారి వచ్చి చూసే ఇంజనీర్‌కి విడిగా ఫీజు ఇవ్వండి. రెండూ చేయకుండా ఫోన్లో కట్టిద్దామనుకుంటే కష్టం. అమెరికాలో ఉండి ఇక్కడ బావమరిదితో కట్టించేవాళ్లు కనీసం కాంట్రాక్టర్ ఖాతాకి నేరుగా డబ్బు పంపండి, బావమరిదిని మధ్యలో ఇరికించొద్దు. ఇల్లు పాడైతే మళ్లీ కట్టుకోవచ్చు.

8. డబ్బు: పని ముందు, డబ్బు వెనక

మొదటిసారి నేను కాంట్రాక్టర్ అడిగిన తారీఖులకి ఇచ్చాను. రెండోసారి పనికి ఇచ్చాను. రెండో కాంట్రాక్టర్‌తో రాసుకున్న షెడ్యూల్ మీకు పూర్తి ఇంటికి సరిపోయేలా చెబుతాను. అడ్వాన్స్ 5 శాతం. ఫుటింగులు (పిల్లర్ల పునాదులు), పిల్లర్లు లేచి ప్లింత్ బీమ్ (గోడల కింది దూలం) పడ్డాక 15. మొదటి స్లాబ్ వేశాక 20, రెండో స్లాబ్ వేశాక 20. ఇటుక పని అయ్యాక 10, ప్లాస్టరింగ్ అయ్యాక 10, టైల్స్, ప్లంబింగ్, కరెంటు, తలుపులు అయ్యాక 10, రంగులేసి తాళాలిచ్చాక 5. చివరి 5 శాతం ఒక వానాకాలం దాటాకే.

"వేశాక" అన్న మాట గమనించండి. స్లాబ్ "మొదలుపెట్టే ముందు" అని ఆయన రాయించబోతాడు. ఆయన వైపు నుంచి చూస్తే న్యాయమే, స్లాబ్‌కి పెద్ద మొత్తం పడుతుంది, ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకని మధ్యేమార్గం, ఆ దశ మెటీరియల్ డబ్బు మీరే దుకాణానికి నేరుగా వేసి బిల్లులో తీసేయండి. "సార్, సోమవారం నుంచి స్టీలు రేటు పెరుగుతోంది, రెండు లక్షలు వేయండి, బుక్ చేసేస్తా" అని శుక్రవారం రాత్రి ఫోన్ వస్తుంది. "దుకాణం ఖాతా నంబరు పంపు మేస్త్రీ, ఇప్పుడే వేస్తా" అనండి. నిజంగా స్టీలు కోసమైతే నంబరు రెండు నిమిషాల్లో వస్తుంది.

శనివారాలు కూలీలకి డబ్బు అందిందా అని ఒకసారి వాళ్లనే అడగండి. కూలి ఆగిందంటే మీ కాంట్రాక్టర్ చేతిలో డబ్బు అయిపోయిందన్నమాట, అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే.

9. సైట్లో మీ కళ్లతో చూడాల్సినవి

రాడ్డు. రాడ్డు మందం ఎన్ని ఎంఎంలో ఆ అంకెని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 ఎంఎం అంటే 64ని 162తో భాగించి 0.395 కిలో, 12 మీటర్ల రాడ్డుకి 4.74 కిలోలు. 12 ఎంఎం అయితే రాడ్డుకి 10.7, 16 ఎంఎం అయితే 19కి దగ్గర. మా సైట్‌కి వచ్చిన మొదటి లోడులోంచి ఒక 8 ఎంఎం రాడ్డు పక్కనున్న పాత ఇనుము కొట్టు కాంటా మీద వంచి పెట్టిస్తే 4.2 వచ్చింది. కొద్దిగా అటూఇటూ ఉండొచ్చు, అర కిలో తక్కువంటే మాత్రం అది మంచి సరుకు కాదు. తూకం మీద కొంటే డబ్బు పోదు, బలం పోతుంది. రాడ్ల లెక్కన కొంటే రెండూ పోతాయి.

స్లాబ్‌కి ముందు రోజు సాయంత్రం వెళ్లండి, స్లాబ్ రోజు వెళ్తే ఏమీ మార్చలేరు. రాడ్లు పలకకి అంటకుండా ఎత్తిపట్టే కవర్ బ్లాకులు కింద ఉన్నాయా చూడండి, స్లాబ్‌కి 20 ఎంఎం, పిల్లర్‌కి 40. బ్లాకుల బదులు కంకర రాళ్లు పెట్టి ఉంటే తీయించండి. కరెంటు పైపులు అన్నీ పడ్డాయా లెక్కపెట్టి, ప్రతి గది మీదా నిలబడి ఫోన్లో ఫొటోలు తీసుకోండి. రెండేళ్ల తర్వాత ఫ్యాన్ హుక్కు కోసం డ్రిల్ పెట్టేటప్పుడు ఆ ఫొటోలు బంగారం.

ఎన్ని బస్తాలు పోవాలో ముందే వేసుకోండి. 1,000 అడుగుల స్లాబ్, 5 అంగుళాల మందం అంటే 417 ఘనపుటడుగులు, సుమారు 11.8 ఘనపు మీటర్లు. ఎం20 రకం కాంక్రీటు కలపడానికి ఘనపు మీటరుకి దాదాపు 8 బస్తాలు, అంటే స్లాబ్‌కే 94 బస్తాల వరకు, బీములకి అదనం. ఖాళీ బస్తాలు సాయంత్రం లెక్కపెట్టండి, 70 ఉంటే అడగండి. నీళ్లు బస్తాకి 30 లీటర్లకి మించకూడదు. నీళ్లెక్కువైతే పోయడం తేలిక, కూలీలకి చేతులు నొప్పి పుట్టవు, అందుకే బకెట్లు పడుతుంటాయి. మిక్సర్ దగ్గర నిలబడే మనిషితో మంచిగా ఉండండి, మధ్యాహ్నం మజ్జిగ ఇప్పించండి, బకెట్ లెక్క మీ మాట వింటాడు. కాంక్రీటు సందుల్లేకుండా కూర్చే వైబ్రేటర్లు రెండుండాలి, ఒకటి ఎప్పుడూ చెడిపోతుంది.

స్లాబ్ మీద మడులు కట్టి కనీసం పది రోజులు, వీలైతే పద్నాలుగు రోజులు నీళ్లు నిలబెట్టండి. ఇది కాంట్రాక్టర్ చేయడు, మీరో వాచ్‌మనో చేయాలి. సెంట్రింగ్ తొందరగా విప్పేస్తామంటారు, ఆ పలకలు ఇంకో సైట్‌కి కావాలి కదా. గది 4.5 మీటర్ల లోపు ఉన్నా స్లాబ్ కింద గుంజలు ఏడు రోజుల కంటే ముందు కదపకూడదు, అంతకు మించితే పద్నాలుగు, బీముల కింద కూడా పద్నాలుగు. ఇంజనీర్ చెప్పాకే విప్పాలి.

టైల్స్ వేయకముందు బాత్రూమ్‌లలో రెండు రోజులు నీళ్లు నింపి ఉంచి కింద సీలింగు చూడండి. పైపులున్న గోడలు మూసేముందు లీకులు తెలిసేలా పైపుల్లో ప్రెషర్ పెట్టించండి. ప్లాస్టరింగ్ చేయించేటప్పుడు ద్వారబంధం పక్కన రసమట్టం పెట్టి చూస్తే చాలు, మిగతా ఇల్లు ఎలా ఉంటుందో అర్థమవుతుంది.

10. మధ్యలో చెడితే

మొదటి కాంట్రాక్టర్‌ని మార్చేటప్పుడు నేను చేసిన ఒక్క మంచి పని, కోపంలో పంపేయకపోవడం. ఇంజనీర్‌ని తీసుకెళ్లి అయిన పని కొలిపించి, దాని విలువ, నేనిచ్చిన డబ్బు పక్కపక్కన రాసి, తేడా ఇద్దరం సంతకం పెట్టిన కాగితం మీదికి తెచ్చాం. కూలీల బాకీ నేనే వాళ్ల చేతికిచ్చి ఆ కాగితం మీదే వాళ్ల సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నా. ఆయన నాకు ఇంకా బాకీ ఉన్నాడు, వస్తుందని ఆశ లేదు, కానీ రేపు "నాకే ఇవ్వాలి" అని రాడు. వేసిన స్లాబ్ మీద కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్ టెస్టు చేయించాకే కొత్తాయన పైన పని మొదలుపెట్టాడు, అదీ ఆయన కోరికే, తెలివైనవాడు.

మాట వినని చోట లాయర్ నోటీసు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఇల్లు కట్టివ్వడం కూడా సేవ కిందికే వస్తుంది. అక్కడ అడిగేది అగ్రిమెంటు, బ్యాంకు చెల్లింపుల రుజువు, ఫొటోలు. నగదు ఇచ్చి నోటితో మాట్లాడుకున్నవాళ్లకి చూపించడానికి ఏమీ ఉండదు.

11. తాళాలు తీసుకున్నాక

గృహప్రవేశం తొందరలో సంతకాలు పెట్టేయకండి. ముహూర్తం పంతులుగారు పెడతారు, పనిలో లోపాల జాబితా మీరు రాయాలి. ప్రతి కుళాయి, ప్రతి స్విచ్చి, ప్రతి కిటికీ గొళ్లెం చూసి రాసుకోండి. మీటర్లు పోర్షన్‌కొకటి విడిగా పెట్టించండి, అద్దెకున్నవాళ్లతో కరెంటు బిల్లు పంచాయితీ అంత చిరాకు ఇంకోటి లేదు.

మాది మార్చిలో అయింది, పై పోర్షన్‌లోకి మేలో దిగారు. ఆగస్టులో నాలుగు రోజుల ముసురు పడ్డాక కింది పోర్షన్ వంటగది మూలన అరచేయంత తడి మచ్చ కనిపించింది. రెండో కాంట్రాక్టర్‌కి ఫొటో పంపాను. నా దగ్గర ఆయన డబ్బు లక్షా పాతిక వేలు ఇంకా ఉంది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు, పైన సింకు కింద పైపు జాయింటు విప్పి మళ్లీ వేయించి, మచ్చ ఆరాక ఒకసారి వచ్చి పుట్టీ పెట్టి రంగు కూడా వేయించి వెళ్లాడు. దసరాకి ఆయన డబ్బు ఆయన ఖాతాలో వేశాను.